సముద్రంలో పైరు

"నాన్నా, పియర్ చూసొద్దాం రండి" అంటే మా నాన్నగారు నా మొహం చూసి, "సముద్రంలో పైరేమిట్రా?" అన్నారు. యానాం దగ్గర పల్లెలో వరి పండించే మనిషికి ఆ మాట అలాగే వినపడుతుంది మరి. మా చిన్న మావయ్య ఉద్యోగరీత్యా పుదుచ్చేరిలో ఉండబట్టి, కిందటి ఆగస్టులో ఇద్దరం అక్కడికి వెళ్లాం. ఒక రోజంతా సముద్రం ఒడ్డునే గడిపాం.

పియర్ అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి వేసిన వంతెన. అవతలి ఒడ్డు చేర్చని వంతెన! పుదుచ్చేరిలో ఒడ్డు దగ్గర లోతు తక్కువ, కెరటాల జోరు ఎక్కువ. అందుకని ఓడలు దూరాన లంగరు వేసేవి. సరుకునీ, మనుషుల్నీ మసులా పడవలు ఒడ్డుకి చేర్చేవి. ఆ పడవల పలకలకి మేకులుండవు, తాళ్లతో కుట్టేవారు. కెరటం గుద్దితే పగలకుండా వంగడానికే ఆ కుట్టు. ఆ అవస్థ తప్పించడానికి ఫ్రెంచివారు 1866లో ఇనుప స్తంభాల మీద పియర్ కట్టారు. 1952 తుపానుకి అది పోయింది. దాని మోడులు గాంధీ విగ్రహం ఎదుట నీళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. తరవాత కొంచెం దక్షిణంగా ఇంకొకటి కట్టారు. 2022 మార్చిలో అలల ధాటికి అదీ కొంత కూలింది.

పొద్దున్నే బొండం తాగి, ఆ డిప్పని నురగలోకి విసిరాను. అల దాన్ని ఒడ్డుకి తెచ్చింది, మళ్లీ లాక్కుపోయింది. అలా వస్తూ పోతూనే, మేం టిఫిను చేసి వచ్చేసరికి మా ఎడమ చేతివైపు, అంటే ఉత్తరానికి, చాలా దూరం పోయింది.

కారణం తేలికే. నైరుతి రుతుపవనాల కాలంలో ఇక్కడ కెరటాలు ఒడ్డుకి తిన్నగా రావు, దక్షిణం నుంచి ఏటవాలుగా వస్తాయి. వచ్చేటప్పుడు ఇసుకని ఏటవాలుగా పైకి తోస్తాయి. తిరిగి జారే నీరు మాత్రం పల్లానికి తిన్నగా దిగుతుంది. అలా ఒక్కో కెరటానికి ఇసుక రేణువు ఉత్తరానికి ఒక అడుగు వేస్తుంది. ఈశాన్య రుతుపవనాల్లో ఈ నడక దక్షిణానికి మళ్లుతుంది గాని, ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అది ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక. మనం నిశ్చలం అనుకునే తీరం నిజానికి ఒక ఇసుక కాలవ.

పియర్ కాళ్ల మీద నిలబడుతుంది. కాళ్ల సందుల్లోంచి కెరటమూ పోతుంది, ఇసుకా పోతుంది. కాని 1980ల చివర నగరానికి దక్షిణాన, ఏటి ముఖద్వారం దగ్గర హార్బరు కట్టినప్పుడు సముద్రంలోకి రాతి గోడలు వేశారు. గోడకి సందులుండవు. దక్షిణాన ఇసుక మేట వేసింది. ఉత్తరాన, నగరం ముందున్న ఇసుక తీరం కొన్నేళ్లలోనే కోతకు గురై మాయమైంది. రోడ్డుని కాపాడుకోవడానికి బండరాళ్లు పేర్చారు. రోడ్డు నిలిచింది, కోత మాత్రం ఇంకా ఉత్తరానున్న జాలరి పల్లెల మీద పడింది.

ఇదంతా కర్రపుల్లతో ఇసుకలో గీతలు గీసి చెబుతూంటే, నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఇందులో సైన్సేముందిరా? పైవాడు బోదెకి అడ్డం వేస్తే శివారు చేను ఎండినట్టే" అన్నారు.

అవును, మాది శివారు భూమే. పైవాళ్లు నీళ్లు రానివ్వడం లేదని ఇంట్లో తిట్టుకోవడం చిన్నప్పటినుంచీ వింటున్నాను. కాని ఆయన అంతటితో ఆపలేదు. "ఒక ఏడు నేనూ వేశాను అడ్డం. మన ఊడ్పులు గట్టెక్కాయి. మన కింద ఎకరమున్నరవాడు ఆ ఏడు గింజ చూళ్లేదు. అడ్డం వేసినప్పుడు వాడు గుర్తుకే రాలేదురా" అన్నారు. ఈ సంగతి ఇరవై ఏళ్లలో నేను వినలేదు. ఏమనాలో తెలియక డిప్ప పోయినవైపే చూస్తూ కూర్చున్నాను.

హార్బరు తీసెయ్యమని ఎవరూ అనరు. పడవలకి నీడ కావాలి. అడ్డం వేసినవాళ్లు అవతలివాడి వంతు అవతలికి చేర్చాలి, అంతే. గోడ దగ్గర ఆగిన ఇసుకని తవ్వి, గొట్టాలతో ఉత్తరానికి పంపే పద్ధతి ఉంది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు 2018లో నగరం ఎదుట నీళ్లలో ఉక్కుతో ఒక కృత్రిమ దిబ్బ దింపారు. అది కెరటాల జోరు తగ్గించింది. పోయిన ఇసుకలో కొంత తిరిగివచ్చి, నగరవాసులు మళ్లీ ఇసుక మీద నడిచారు.

సాయంత్రం లేచేటప్పుడు నాన్నగారు లుంగీకి అంటిన ఇసుక దులుపుకుని, "మొత్తానికి సముద్రంలోనూ పైరుందిరా. దానికీ వంతులున్నాయి" అన్నారు.

ఊరికి వచ్చిన మర్నాడు పొద్దున్నే పార పట్టుకుని బోదె గట్టున కిందివైపు వెళ్లారు. ఎందుకని నేను అడగలేదు.