అమ్మమ్మ పేరున్న వెండిగ్లాసు

శ్రావణమాసం వస్తోందంటే మన ఇళ్లల్లో ముందుగా బీరువా తలుపులు తెరుచుకుంటాయి. వెండిచెంబు, కుంకుమభరిణె, పన్నీరుబుడ్డి, గంధపుగిన్నె... ఏడాదిగా పాతచీరలో మూటకట్టి ఉన్నవన్నీ బయటికొస్తాయి. వచ్చేటప్పుడు మాత్రం వెండిలా కాదు, ఇనపసామాన్లలా నల్లమొహాలేసుకుని వస్తాయి. వ్రతం రేపనగా చేతికందిన పొడి, పీచు తీసుకుని కూర్చుంటాం. అదిగో, తప్పు అక్కడే జరుగుతుంది. నేనూ చేశాను కాబట్టే చెప్తున్నాను.

మా అమ్మమ్మ పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన వెండిగ్లాసొకటి మా అమ్మ ద్వారా నాకొచ్చింది. అంచు కింద సన్నటి తీగ, దాని పక్కన అమ్మమ్మ పేరు చెక్కి ఉండేవి. పెళ్లయిన కొత్తలో, అత్తవారింట నా పనితనం చూపించాలన్న ఉత్సాహంతో, అంట్లు తోమే గరుకుపొడి, స్టీలుపీచు పెట్టి ఏటా దాన్ని తోమేదాన్ని. తళతళలాడిపోయేది. ఓ వ్రతానికి వచ్చిన అమ్మ ఆ గ్లాసు చేతిలోకి తీసుకుంది. కిటికీ దగ్గరికెళ్లి అటూఇటూ తిప్పింది. బొటనవేలితో అంచు కింద తడిమి, "పేరు పోయిందే!" అంది. అంతే. తిట్టలేదు. తిట్టినా బావుండేది.

అమ్మమ్మకి చదువు రాదు. ఆ గ్లాసు మీది నాలుగక్షరాలే ఆవిడ గుర్తుపట్టగలిగిన అక్షరాలట. ఇప్పుడందులో రెండే మిగిలాయి. ఆ తర్వాతే నేను ఈ సంగతులన్నీ తెలుసుకోవడం మొదలుపెట్టాను.

వెండి ఎందుకు నల్లబడుతుంది?

అది మురికి కాదు. గాలిలో ఉండే గంధకపు ఆవిర్లు వెండితో కలిసి, పైన పల్చటి నల్లటి పొరలా ఏర్పడతాయి. గరుకుపొడితో రుద్దితే ఆ పొరతో పాటు కింది వెండీ కొంచెం పోతుంది. ఏడాదికోసారి 'కొంచెమే' కదా అనుకుంటాం. పాతికేళ్లకి చెక్కడాలు, పేర్లు, దేవుడి ముక్కూమొహం అన్నీ నున్నగా అయిపోతాయి. పళ్లపొడి, టూత్‌పేస్టు కూడా ఈ కోవలోవే. ఇక చింతపండంటారా, అది ఇత్తడికీ రాగికీ మంచి మందు. వెండిమీది నలుపుకి దానివల్ల పెద్దగా ఒరిగేదేం లేదు.

నలుపు లేతగా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో నాలుగు చుక్కల సబ్బుద్రావణం వేసి మెత్తటి గుడ్డతో కడిగి, వెంటనే పొడిగా తుడిస్తే చాలు. బాగా నల్లబడిన సాదా చెంబులు, పళ్లేలకైతే ఓ ఉపాయం ఉంది. ప్లాస్టిక్ టబ్బులో అల్యూమినియం ఫాయిల్ పరిచి, దానికి తగిలేలా వెండివస్తువుల్ని పెట్టి, చెంచాడు వంటసోడా వేసి వేడినీళ్లు పొయ్యండి. వెండిని పట్టుకున్న గంధకాన్ని అల్యూమినియం లాగేసుకుంటుంది. వెండి వెండిగానే మిగులుతుంది. కాసేపటికి తీసి మంచినీళ్లతో కడిగి తుడవాలి.

అయితే రాళ్లు పొదిగినవాటికి, లక్కతోనో జిగురుతోనో అతికించిన పిడులున్నవాటికి, చెక్కడపు గీతల్లో కావాలని నలుపుంచినవాటికి ఈ స్నానం పనికిరాదు. ఆ నలుపే వాటి అందం. అది కాస్తా పోతే కొత్తబజారు వస్తువులా వెలవెలబోతాయి. కరీంనగర్ వెండితీగ పనివాటినీ గట్టిగా రుద్దకండి. సన్నటి తీగలు ఒంగిపోతాయి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు.

అన్నట్టు, జర్మన్ సిల్వర్ అని పేరేగానీ అందులో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకుల కలయిక అది. వెండిపూత సామాన్లయితే మరీ జాగ్రత్త. రుద్దితే పూత పోయి కింది లోహం బయటపడుతుంది.

దాచడంలోనే ఉంది

వెండివస్తువుల కట్టకి రబ్బరుబ్యాండు వేస్తున్నారా? వెంటనే తీసెయ్యండి. రబ్బరులో గంధకం ఉంటుంది. కాగితం చుట్టినా సరే, దాని మీంచి మచ్చ పడుతుంది. ఉన్నిగుడ్డలు, న్యూస్‌పేపర్లు కూడా వద్దు. ఉతికి బాగా ఆరబెట్టిన తెల్లటి నూలుగుడ్డలో చుట్టి, జిప్ ఉన్న కవర్లో పెట్టి, పక్కన రెండు సుద్దముక్కలు వెయ్యండి. చెమ్మ పీల్చుకుంటాయి. అన్నిటికంటే మంచి పద్ధతి, వాడుకోవడం! రోజూ మంచినీళ్లు తాగే గ్లాసు బీరువాలో ఉన్నంత నల్లబడదు. కాకపోతే ఉప్పు, పచ్చళ్లు, కోడిగుడ్లు మాత్రం వెండిలో వద్దు. ఉప్పువల్ల వెండిమీద చిన్నచిన్న గుంటలు పడతాయి.

పింగాణీకి వేడీ పడదు, తొందరా పడదు

బంగారు గీత అంచున్న కప్పులు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. ఆ గీతని మెరుగుపూత వేసి కాల్చిన తర్వాత, దాని మీద వేసి తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. అంటే దానికి రక్షణగా పైన ఏ పొరా ఉండదు. అందుకే పీచు తగిలితే చెరిగిపోతుంది. మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలొస్తాయి. ఈ కప్పుల్ని సింకు అడుగున మెత్తటి తువ్వాలు పరిచి, చేతి ఉంగరాలు, గాజులు తీసి, ఒక్కోదాన్నే గోరువెచ్చటి నీళ్లలో కడగాలి. కప్పుకి చెవి దగ్గరే బలహీనం. చెవి పట్టి కొక్కేలకి వేలాడదియ్యకండి. ఒకదాంట్లో ఒకటి పేర్చకండి. ప్లేట్ల మధ్య మెత్తటి గుడ్డో కాగితమో ఉంచండి. టీ మరకలకి, బంగారు గీతకి తగలకుండా, తడి వంటసోడాని వేలితో రాస్తే వదులుతాయి.

పాత ఊరగాయ జాడీల సంగతి వేరే చెప్పాలి. లోపలి మెరుగుపూత మీద సన్నటి పగుళ్లుంటే అందులో ఇక ఊరగాయ పెట్టకండి. ఉప్పునీరు పగుళ్లలోంచి లోపలికి దిగి, ఆరాక గడ్డకట్టి, పూతని పెచ్చులుగా లేపేస్తుంది. పైగా పాతకాలపు కొన్ని పూతల్లో సీసం ఉంటుంది. పులుపు దాన్ని కరిగిస్తుంది. అలాంటి జాడీని హాల్లో ఓ మూల పెట్టి ఎండుపూల కొమ్మలు పెట్టుకోండి, ముద్దొస్తుంది.

ఏదైనా విరిగితే చిన్నపెంకుతో సహా ఏరి ఓ కవర్లో దాచండి. తొందరపడి అప్పుడే జిగురు పెట్టకండి. అతికించిన కప్పు చూసుకోవడానికే, అందులో వేడి టీ తాగడానికి కాదు.

గాజు

వేడి కాఫీ పొయ్యగానే గ్లాసు ఠప్పుమని పగలడానికి కారణం, లోపలివైపు వేడెక్కి సాగినంత త్వరగా బయటివైపు సాగకపోవడమే. అందుకే దళసరి గ్లాసే త్వరగా పగులుతుంది. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న గ్లాసుల్ని లాగకండి. పైదాంట్లో చల్లటి నీళ్లు పోసి, కిందిదాన్ని గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే అవే విడివడతాయి. బోరునీళ్ల తెల్లచారలు నీళ్లు కలిపిన వెనిగర్‌తో పోతాయి. చెక్కుడుపని చేసిన బరువైన క్రిస్టల్ గిన్నెల్లో చాలావాటికి సీసం కలుస్తుంది. అందులో పులుపు పదార్థాలు నిలవ ఉంచొద్దు.

బంగారం, ముత్యాలు, బిద్రీ

రాళ్లు లేని బంగారానికి కుంకుడురసం, మెత్తటి బ్రష్షు... మన పెద్దవాళ్ల పద్ధతే ఈనాటికీ మంచిది. బట్టల బ్లీచ్‌లో చెయ్యి పెట్టేముందు ఉంగరం తీసెయ్యండి. థర్మామీటరు పగిలి పాదరసం ఒలికితే అటు గాజుల చెయ్యి పోనివ్వకండి. పాదరసం బంగారాన్ని పట్టేస్తుంది. రాళ్ల వెనక రేకు పెట్టిన కుందన్ నగల్ని నీళ్లలో ముంచకూడదు. నీరు లోపలికెళ్తే రాయి కళ తప్పుతుంది. ముత్యాలకి పులుపు, సెంటు, చెమట పడవు. అన్నీ అయ్యాక ఆఖర్న వేసుకుని, ఇంటికి రాగానే మొదట తియ్యాలి. మెత్తటి గుడ్డతో తుడిచి దాచాలి.

బిద్రీ వస్తువుని వెండి పాలిష్‌తో రుద్దకండి. జింకు, రాగి కలిపిన లోహాన్ని నల్లబరిచి, అందులో వెండి పొదిగిన పని అది. నలుపు పోతే పనితనమే పోయినట్టు. పొడిగుడ్డతో తుడిచి, చుక్క కొబ్బరినూనె రాస్తే నల్లదనం నిగారిస్తుంది. ఆ నలుపుతెలుపుల అందం కళ్లారా చూడాలంటే ఈసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ వస్తువుల దగ్గర కాసేపు ఆగండి.

మరి ఆ గ్లాసు?

పోయినేడు మా ఇంట్లో పాతవెండి మార్చి కొత్తడిజైన్ పళ్లెం తీసుకుందామన్న మాట వచ్చింది. తూకంలో గ్లాసూ వెళ్లింది. కొట్టతను దాన్ని చూసి, "అక్షరాలు అరిగిపోయాయి కదమ్మా, కావాలంటే మళ్లీ చెక్కించిస్తాం" అన్నాడు. అమ్మకి ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. "వద్దులే, ఆ రెండూ అమ్మవి. కొత్తగా చెక్కేవి కొట్టువాళ్లవి" అంది.

గ్లాసు తెచ్చేసుకున్నాను. ఓ నోటుపుస్తకం కొని, ఇంట్లో ఉన్న ప్రతి పాతవస్తువు గురించీ రాసిపెట్టాను. ఎవరిది, ఎప్పుడొచ్చింది, బరువెంత, ఏ మూల చెక్కడం ఉంది అని, పక్కన ఫొటో అతికించి. మెరుగుకి ఇచ్చేముందు తూకం చూసుకోవడానికీ అది పనికొస్తోంది. మొదటి పేజీలో అమ్మమ్మ పేరు నాలుగక్షరాలూ రాశాను.

మొన్న మా అమ్మాయి ఆ గ్లాసుతో నీళ్లు తాగుతూ, "ఇక్కడేదో రాసుందే?" అని వేలు పెట్టి తడిమింది. పుస్తకం తెచ్చి చేతికిచ్చాను.