మంచు చరియల ముప్పు: వాలులోకి దిగే ముందే రక్షణ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ప్రజలకు మంచు అంటే చలికాలపు పొగమంచు, లేదా వేసవి వానల్లో రాలే వడగండ్లు. హార్స్‌లీ కొండల మీద సైతం హిమం కురవదు. అందువల్ల హిమాలయాల్లో మంచు చరియలు విరిగిపడి మనుషులు మరణించారన్న వార్త వచ్చినప్పుడు దానిని ఎక్కడో జరిగిన దైవఘటనగా, మనిషి చేతిలో లేని విపత్తుగా భావించడం ఇక్కడ సహజం. అయితే ఈ విపత్తును దశాబ్దాలుగా పరిశీలిస్తున్న శాస్త్రవేత్తలు తేల్చిన విషయం ఇందుకు భిన్నమైనది. వినోదం కోసం మంచుకొండల్లో సంచరిస్తూ చరియల కింద చిక్కుకున్నవారిలో సుమారు 90 శాతం మంది విషయంలో ఆ చరియను కదిలించినది బాధితుల బరువే, లేదా వారి తోటివారి బరువే. అంటే ఇటువంటి మరణాల్లో అత్యధికం వెనుక, ఆ వాలులోకి దిగాలని మనిషి తీసుకున్న నిర్ణయం ఒకటి ఉంటుంది.

ఈ విపత్తు దక్షిణాదికి దూరమైనదీ కాదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్ హిమానీనదం మీద, సుమారు 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ స్థావరంపై బ్రహ్మాండమైన మంచుగోడ విరిగిపడి, మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్‌కు చెందిన స్థావరంలోని 10 మందినీ కప్పివేసింది. వారిలో సిపాయి ముస్తాక్ అహ్మద్ నాటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందినవాడు. సిపాయి రామమూర్తి కుప్పానికి సరిహద్దునే ఉన్న, తెలుగువారు గణనీయంగా నివసించే కృష్ణగిరి జిల్లావాడు. మరొకరు చిత్తూరు పొరుగున ఉన్న వేలూరు జిల్లా నుంచి వెళ్లినవారు. కర్ణాటకలోని ధార్వాడ జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్‌ను సహాయ బృందాలు ఆరో రోజున 25 అడుగులకు పైబడిన మంచు కింద నుంచి సజీవంగా వెలికితీయగా, ఆయన ఫిబ్రవరి 11న ఢిల్లీలోని సైనిక ఆసుపత్రిలో కన్నుమూశాడు. గుడారంలో గాలి నిలిచిన కొద్దిపాటి ఖాళీ ఆయనను అన్ని రోజులు బ్రతికించిందని నాడు వెల్లడైంది. దేశమంతా ఆశతో ఎదురుచూసిన ఆ ఉదంతం అత్యంత అరుదైనది. మంచు కింద పడినవారు రోజుల తరబడి బ్రతికి ఉంటారన్న భరోసాను దాని నుంచి తీసుకోకూడదు.

మంచు ఎందుకు జారుతుంది

కొండవాలు మీద మంచు ఒకే ముద్దగా ఉండదు. చలికాలమంతా విడతలు విడతలుగా కురిసిన హిమం పొరలు పొరలుగా పేరుకుంటుంది, ఒక్కొక్క పొర గట్టిదనం ఒక్కొక్క తీరుగా ఉంటుంది. మంచు పలుచగా ఉండి, పైన గాలి అతిశీతలంగా, కింద నేల కొంత వెచ్చగా ఉన్నప్పుడు పొరల మధ్య నుంచి నీటి ఆవిరి పైకి ప్రయాణించి, అడుగున ఉన్న మంచు రేణువులను ఒకదానికొకటి అంటుకోని, చక్కెర పలుకుల వంటి స్ఫటికాలుగా మారుస్తుంది. శాస్త్రవేత్తలు దీనినే బలహీన పొర అంటారు. దాని మీద కొత్త హిమం కురిసి, లేదా గాలి మోసుకొచ్చిన మంచు చేరి, గట్టిపడిన మందపాటి పలకగా ఏర్పడితే ప్రమాదానికి కావలసిన సామగ్రి అంతా సిద్ధమైనట్లే. ఏటవాలు నేల మీద రాగులు చల్లి, వాటి మీద కడప బండను పరిచి, దాని మీద మనిషి నిలబడితే ఏమి జరుగుతుందో ఇక్కడ జరిగేదీ అదే. ఒకచోట మొదలైన పగులు క్షణాల్లో వాలుకు అడ్డంగా పాకి, వందల అడుగుల వెడల్పున పలక మొత్తం ఒక్కసారిగా తెగి, గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగాన్ని అందుకోగలదు. పలక తెగేది సాధారణంగా మనిషి నిలబడిన చోటుకు ఎగువన కావడం వల్ల తప్పించుకునే వ్యవధి చాలాసార్లు దొరకదు.

ఇటువంటి చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద పుడతాయి. అంతకంటే తక్కువ వాలులో మంచు సాధారణంగా నిలిచి ఉంటుంది, మరీ నిటారు గోడల మీద పెద్ద మొత్తంలో పేరుకోకముందే కొద్దికొద్దిగా రాలిపోతుంది. దురదృష్టవశాత్తు మంచు మీద జారే స్కీయర్లకు అత్యంత ఆనందాన్నిచ్చేవి కూడా సరిగ్గా ఈ 30 నుంచి 45 డిగ్రీల వాలులే.

సిద్ధంచేసిన బాటను దాటితే

స్కీయింగ్ అంటే పాదాలకు పొడవైన పలుచని పట్టీలు బిగించుకుని మంచువాలు మీద జారుతూ దిగే క్రీడ. పర్యాటక కేంద్రాల్లో ఇందుకోసం మంచును యంత్రాలతో చదును చేసి, హద్దులు గుర్తించి, పర్యవేక్షణ సిబ్బందిని ఉంచి బాటలు ఏర్పరుస్తారు. అవసరమైనచోట పేలుడు పదార్థాలతో మంచును ముందుగానే కిందికి జార్చివేస్తారు. ఆ హద్దులు దాటి, ఎవరూ తొక్కని మెత్తని మంచు కోసం సహజమైన వాలుల్లోకి వెళ్లడాన్ని ఆఫ్‌పిస్ట్ స్కీయింగ్ అంటారు. అక్కడ మంచును పరీక్షించి భద్రమని చెప్పేవారు ఎవరూ ఉండరు. ఆల్ప్స్ పర్వతాల్లో ఏటా సగటున సుమారు 100 మంది మంచు చరియలకు బలవుతుండగా, వారిలో అత్యధికులు ఈ విధంగా బాటలు వదిలి వెళ్లినవారే.

భారతదేశంలో ఈ క్రీడకు ప్రధాన కేంద్రం కశ్మీర్‌లోని గుల్మార్గ్. అక్కడి రోప్‌వే స్కీయర్లను అఫర్వాట్ పర్వతం మీద సుమారు 13,000 అడుగుల ఎత్తుకు చేరుస్తుంది. రోప్‌వేకు దిగువన ఉన్న వాలును దాటితే మిగిలినదంతా నియంత్రణ లేని పర్వతమే. 2023 ఫిబ్రవరి 1న అక్కడ చరియ విరిగిపడి పోలెండ్‌కు చెందిన ఇద్దరు స్కీయర్లు మరణించారు, 2024 ఫిబ్రవరి 22న ఖిలన్‌మార్గ్ వద్ద ఒక రష్యన్ ప్రాణాలు కోల్పోయాడు. అదే ఖిలన్‌మార్గ్‌లో 2010 ఫిబ్రవరి 8న, 1948లో స్కీ పాఠశాలగా ఆరంభమై హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌గా ఎదిగిన సైనిక శిక్షణ సంస్థకు చెందిన 17 మంది జవాన్లు శిక్షణలో ఉండగా మంచు కింద సమాధి అయ్యారు. మంచులో ఆరితేరినవారిని సైతం మంచు విడిచిపెట్టదని ఆ విషాదం చాటింది.

తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన సియాటిల్ నగరానికి సమీపంలోని స్టీవెన్స్ పాస్ కూడా ఇదే పాఠం చెబుతుంది. 2012 ఫిబ్రవరి 19న ఆ స్కీ కేంద్రం హద్దుకు ఆవల టన్నెల్ క్రీక్ లోయలోకి దిగిన బృందంలో సుమారు 16 మంది ఉండగా, వారిలో చాలామంది నిపుణులు. ప్రమాద హెచ్చరిక వెలువడిన సంగతి వారికి తెలుసు, అవసరమైన పరికరాలూ వారి వద్ద ఉన్నాయి. అయినా ముగ్గురు మరణించారు.

గడియారంతో పోటీ

చరియ ఆగిన మరుక్షణమే అందులోని మంచు బిగుసుకుపోతుంది. లోపల ఉన్నవారు చేతిని కూడా కదల్చలేరు. బాధితుల్లో సుమారు నాలుగోవంతు మంది చెట్లకో రాళ్లకో కొట్టుకుని గాయాల వల్ల మరణిస్తే, మిగిలినవారిలో అధికులను చంపేది చలి కాదు, ఊపిరాడకపోవడం. పూర్తిగా కూరుకుపోయినవారిని సుమారు 15 నిమిషాల లోపు వెలికితీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బ్రతుకుతారని, 35 నిమిషాలు గడిచేసరికి ఆ సంఖ్య మూడుకు పడిపోతుందని ఐరోపా అధ్యయనాలు చాలాకాలం క్రితమే చూపాయి. స్విట్జర్లాండ్‌లో జరిగిన ఇటీవలి పరిశోధన ఆ అనుకూల వ్యవధిని 10 నిమిషాలకు కుదించింది. హెలికాప్టరో సహాయ బృందమో అంత త్వరగా చేరడం దాదాపు అసాధ్యం కనుక, బ్రతికించగలిగినవారు పక్కనే ఉన్న సహచరులు మాత్రమే.

అందుకే ప్రతి ఒక్కరి వద్దా మూడు పరికరాలు ఉండి తీరాలని నిపుణులు నిర్దేశిస్తారు. మొదటిది ట్రాన్సీవర్. శరీరానికి కట్టుకునే ఈ చిన్న రేడియో పరికరం 457 కిలోహెర్ట్‌జ్ పౌనఃపున్యంలో సంకేతాలు పంపుతూ, అవసరమైనప్పుడు ఎదుటివారి సంకేతాన్ని పట్టి చూపుతుంది. రెండవది ప్రోబ్, అనగా మంచులోకి గుచ్చి మనిషి ఎంత లోతున ఉన్నాడో కనుగొనే మడత కర్ర. మూడవది పార. వీటికి అదనంగా, వీపున ధరించే ఎయిర్‌బ్యాగ్ గాలితో ఉబ్బి మనిషిని చరియ ఉపరితలానికి దగ్గరగా ఉంచడానికి తోడ్పడుతుంది. అయితే ఇవన్నీ ప్రమాదం జరిగాక పనికివచ్చేవి, అభ్యాసం లేకపోతే అప్పుడూ పనికిరానివి.

అసలైన రక్షణ అంతకు ముందే ఉంది. ప్రమాదాన్ని ఐదు స్థాయిల్లో ప్రకటించే పద్ధతి ఐరోపాలో 1993 నుంచి అమల్లో ఉంది. భారతదేశంలో 1969 నుంచి మనాలి కేంద్రంగా పనిచేసిన హిమ పరిశోధన సంస్థ వారసత్వాన్ని అందుకున్న చండీగఢ్‌లోని రక్షణ భూసమాచార పరిశోధన సంస్థ (డి.జి.ఆర్.ఇ.) ఇటువంటి హెచ్చరికలు జారీచేస్తోంది. గమనించవలసిన విషయమేమంటే, స్విట్జర్లాండ్‌లో మరణాల్లో సుమారు సగం ఐదో స్థాయిలోనో నాలుగో స్థాయిలోనో కాక మధ్యదైన మూడో స్థాయిలో సంభవిస్తున్నాయి. అత్యంత ప్రమాదకరమైన రోజుల్లో మనుషులు ఇంటిపట్టున ఉంటారు. మధ్యస్థంగా ఉన్న రోజున, ఆకాశం నిర్మలంగా ఉండి, ముందు వెళ్లినవారి జాడలు కనిపిస్తూ, బృందంలో ఎవరూ కాదనకపోతే, ఆ వాలు భద్రమైనదని మనసు నమ్మేస్తుంది. కానీ నలుగురు దిగిన వాలు ఐదోవాని కింద తెగిన సందర్భాలు అనేకం.

నేడు తెలుగు రాష్ట్రాల నుంచి యువతీయువకులు మనాలి, ఔలి, గుల్మార్గ్‌లకు ట్రెక్కింగ్ కోసం, స్కీయింగ్ కోసం వెళ్తున్నారు. వారు తెలుసుకోవలసిన సూచనలు కష్టమైనవి కావు. గడచిన ఒకటి రెండు రోజుల్లో భారీగా హిమం కురిసినా, బలమైన గాలి వీచినా, ఎండ హఠాత్తుగా కాసినా, అడుగు వేసినప్పుడు మంచు లోపల కుంగిన ధ్వని వినిపించినా, పాదాల నుంచి పగుళ్లు పాకినా వెనుదిరగాలి. స్థానిక మార్గదర్శకుడు లేకుండా హద్దు దాటకూడదు. అనుమానమున్న వాలును ఒక్కొక్కరుగా మాత్రమే దాటాలి. అన్నిటికంటే ముఖ్యంగా, బృందంలో అందరికంటే చిన్నవారు వద్దన్నా ఆ మాటకు విలువ ఇవ్వాలి.

సియాచిన్ స్థావరాల్లో నిలిచే జవానుకు వెనుదిరిగే స్వేచ్ఛ లేదు. అతని భద్రత కోసం హెచ్చరిక వ్యవస్థలను పటిష్ఠం చేయడం ప్రభుత్వ బాధ్యత. ఆనందం కోసం కొండెక్కే పౌరునికి ఆ స్వేచ్ఛ ఉంది, దానిని వాడుకోవడమే అతని బాధ్యత. వాలు ఎంత అందంగా ఉన్నా ఈరోజు వద్దు అని చెప్పగలగడాన్ని పిరికితనంగా కాక పర్వతవిద్యలో భాగంగా నేర్పినప్పుడే ఈ మరణాలు తగ్గుతాయి.