ఓడ దొరికింది.. ఊరు మీరే చెప్పాలి!

డర్బన్ నుంచి మీకో మెసేజ్ వచ్చిందనుకోండి. ‘మా ముత్తాత మీ అనంతపురం వైపు మనిషట. ఏ ఊరో కనుక్కోగలరా?’ అని. ఎక్కడ మొదలుపెడతారు?

1876-78 కరవు సీమను పిండేసింది. అలాంటి రోజుల్లో పొట్ట చేతపట్టుకుని మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లెందరో. తొలి ఒప్పంద కూలీలతో మద్రాసులో బయల్దేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఆగేలోపు కలకత్తా, మద్రాసు రేవుల నుంచి నాటల్‌కు వెళ్లినవాళ్లు లక్షా 52 వేల పైమాటే. ఫిజీకి మద్రాసు ఓడలు 1903లో మొదలయ్యాయి.

ముందు జాబితా: ఓడ ఎక్కిన ప్రతి కూలీకీ ఓ నంబరుండేది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది మచ్చలు కూడా రాసుకున్నారు. నాటల్ జాబితాలు ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. ఫిజీవి సువాలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో, మారిషస్‌వి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. మారిషస్ వెళ్లిన కొందరి ఫొటోలూ దొరుకుతాయి.

తర్వాత ఓడ బొమ్మ: గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం, క్వీన్స్‌లాండ్ స్టేట్ లైబ్రరీల్లో పాత ఓడల చిత్రాలున్నాయి. పేరు కలిసింది కదా అని సంబరపడొద్దు. ‘గ్యాంజెస్’ పేరుతో 1882 నాటి తెరచాప ఓడ ఉంది, 1906 నాటి ఆవిరి ఓడా ఉంది. ప్రయాణం జరిగిన ఏడాది, ఓడ కట్టిన ఏడాది, టన్నులు సరిచూశాకే ఫొటో పంపండి.

అసలు చిక్కు ఊరితోనే: అనంతపురం జిల్లా ఏర్పడిందే 1882లో. అంతకు ముందు వెళ్లినవాళ్ల కోసం బళ్లారి కింద వెతకాలి. కదిరి 1910 దాకా కడప జిల్లాలో ఉండేది. పైగా గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. కాగితం మీద గుత్తి ‘గూటీ’, కడప ‘కడప్పా’. ఊరి పేరు పైకి చదవండి, యాస మార్చి మళ్లీ చదవండి. ‘పల్లి’ ఏదో, ‘చెరువు’ ఏదో మన చెవికే తెలుస్తుంది. డర్బన్‌లో కూర్చున్నవాళ్లకు తెలియనిది, మీకు తెలిసినది అదే.

ఈ పని మీద ఇష్టం పుడితే దారులున్నాయి. చరిత్ర, లైబ్రరీ సైన్స్ చదివినవాళ్లకు ఆర్కైవ్స్ మంచి రంగం. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియా ఆర్కైవల్ స్టడీస్‌లో డిప్లొమా నడిపిస్తోంది. మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు చెన్నై ఎగ్మూర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త. రుజువు లేకుండా ‘ఇదే మీ ఊరు’ అని చెప్పేయకండి. ఆ మాట నమ్మి సముద్రం దాటి వస్తారు వాళ్లు. ‘ఈ రెండింటిలో ఏదో ఒకటి కావచ్చు’ అనడమే నిజాయితీ. ఈలోగా మీ ఇంట్లో అవ్వనో, తాతనో అడిగి చూడండి. ‘ఓడెక్కి పోయి మళ్లీ రాలేదు’ అన్న మాట మన ఇళ్లలోనూ వినబడొచ్చు.