మౌలాలి కవయిత్రి కానుక అందుకున్న కంపెనీ దూత సర్ జాన్ మాల్కం

సికింద్రాబాద్ సమీపంలోని మౌలాలి గుట్ట పాదభాగాన మహ్‌లఖాబాయి చందా సమాధి ఉన్నది. తన తల్లి రాజ్‌కున్వర్‌బాయి స్మృత్యర్థం 1792లో ఆమె నిర్మింపజేసిన ప్రాంగణంలోనే 1824లో ఆమెను కూడా ఖననం చేశారు. ఉర్దూలో దివాన్ కూర్చిన తొలితరం కవయిత్రులలో ఆమె ఒకరు. ఆ దివాన్ ప్రతి ఒకటి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నది. 1799 అక్టోబరులో మీర్ ఆలం గృహంలో నృత్యప్రదర్శన నడుమ ఆమె స్వయంగా కెప్టెన్ మాల్కంకు దానిని నజరానాగా సమర్పించినట్లు ఆ ప్రతిపై వ్రాసి ఉన్నది.

ఆ కెప్టెన్ అనంతరకాలంలో బొంబాయి గవర్నర్ అయిన సర్ జాన్ మాల్కం. 1769 మే 2న స్కాట్లాండ్‌లో ఒక రైతు కుటుంబంలో, పదిహేడుగురు సంతానంలో ఒకడుగా జన్మించి, 1783లో బాల్యం వీడకుండానే ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరుటకు మద్రాసు చేరుకున్నాడు. పారశీక భాషాభ్యాసమే ఆయనను కవాతు మైదానం నుండి దర్బారులకు చేర్చింది.

1798లో గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఆయనను హైదరాబాద్ రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్‌కు సహాయకునిగా నియమించారు. నిజాం అలీఖాన్ కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ తీర్చిదిద్దిన సుమారు 14 వేల మంది సైన్యం అప్పటికి కంపెనీకి కంటగింపుగా ఉండేది. రేమండ్ ఆ సంవత్సరం మార్చిలోనే మరణించాడు. సెప్టెంబరు 1 నాటి సంధి ప్రకారం ఆ దళాన్ని రద్దుచేసి, ఏటా 24 లక్షల రూపాయలకు పైగా చెల్లించి కంపెనీ పటాలాలను పోషించుటకు నిజాం అంగీకరించవలసి వచ్చింది.

అక్టోబరులో ఆ దళాన్ని నిరాయుధం చేయు వేళ జీతపు బకాయిలకై సిపాయిలు తిరగబడ్డారు. నచ్చజెప్ప వెళ్లిన మాల్కంను చుట్టుముట్టి నిర్బంధించారు. పూర్వం ఆయన వద్ద పనిచేసిన కొందరు సిపాయిలు గుర్తుపట్టి విడిపించకున్న ఆయన చరిత్ర అక్కడితోనే ముగిసేదేమో. చివరకు రక్తపాతం లేకుండానే దళం ఆయుధాలు విడిచింది. అయితే దాని ఫలితం మాత్రం స్వల్పమైనది కాదు. నిజాం రాజ్యరక్షణ కంపెనీ చేతికి పోయింది. ఆ పటాలాల విడిది నుండే 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాద్ వెలసింది.

1799 శ్రీరంగపట్నం దండయాత్రలో మీర్ ఆలం నాయకత్వంలోని నిజాం సైన్యంతో మాల్కం వెళ్లాడు. దివాన్ కానుక ఆ విజయానంతరపు వేడుకల కాలానిదే. దర్బారు మర్యాదను, కంపెనీ రాజకీయాన్ని విడదీసి చూచుట ఆనాటి హైదరాబాద్‌లో సాధ్యం కాదు.

తరువాత మాల్కం 1800, 1808, 1810 సంవత్సరాలలో మూడు దౌత్యాలపై పర్షియాకు వెళ్లి, 1815లో ఆ దేశ చరిత్రను ప్రచురించాడు. పర్షియాకు బంగాళాదుంపను పరిచయం చేసినది ఆయనేనని ప్రతీతి.

1817 డిసెంబరు 21న మహీద్‌పూర్ వద్ద హోల్కర్ సేనలపై జరిగిన దాడికి ఆయన నాయకత్వం వహించాడు. హైదరాబాద్‌కు చెందిన రస్సెల్ బ్రిగేడ్ కూడ ఆ యుద్ధంలో పాల్గొన్నది. 1818లో లొంగిపోయిన పీష్వా రెండవ బాజీరావుకు ఏటా 8 లక్షల రూపాయల భరణాన్ని మాల్కం వాగ్దానం చేయగా, అది అధికమని పైఅధికారులు ఆక్షేపించారు. బాజీరావు మరణానంతరం ఆ భరణాన్ని దత్తపుత్రుడు నానాసాహెబ్‌కు కంపెనీ నిరాకరించుట 1857 తిరుగుబాటులో ఆయన నిలుచుటకు ఒక కారణమైనది.

దేశీయ సంస్థానాలను తొందరపడి కలుపుకొనరాదని, స్థానిక ఆచారాలను గౌరవించవలెనని మాల్కం తన గ్రంథాలలో వాదించాడు. ఆయన చేతుల మీదుగా సాగిన ఒప్పందాలు మాత్రం ఆ సంస్థానాల స్వాతంత్ర్యాన్నే హరించాయి. 1827 నుండి 1830 వరకు బొంబాయి గవర్నర్‌గా పనిచేసి, 1833 మే 30న లండన్‌లో మరణించాడు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఆయన శిలావిగ్రహం ఉన్నది.

శిథిలావస్థకు చేరిన మహ్‌లఖాబాయి సమాధి ప్రాంగణానికి 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ ఆర్థిక సహాయంతో పునరుద్ధరణ పనులు జరిగాయి.