వార్తల్లో పదం: టీఎఫ్ఎమ్ ఫైలు

గణిత పుస్తకాలు, పరిశోధన పత్రాలు కూర్చే ‘టెక్’ సాఫ్ట్‌వేర్‌ను డొనాల్డ్ కనూత్ 1978లో రూపొందించారు. విచిత్రమేమిటంటే, పేజీ కూర్చేటప్పుడు అది అక్షరం ఆకారాన్ని చూడనే చూడదు! దానికి కావలసింది కొలతలే. అవి ఉండే చోటే టీఎఫ్ఎమ్, అంటే ‘టెక్ ఫాంట్ మెట్రిక్’ ఫైలు.

అక్షరం వెడల్పు, ఎత్తు, గీత కింద ఎంత దిగుతుంది, ఏ రెండు పక్కపక్కన వస్తే ఎంత దగ్గరికి జరపాలి, ఏవి కలిసిపోవాలి అన్నీ అందులోనే. ఉదాహరణకు టెక్ సొంత ఫాంటు కంప్యూటర్ మోడర్న్‌లో, 10 పాయింట్ల సైజులో, ఇంగ్లిష్ ‘ఎ’ పెద్దక్షరం వెడల్పు 7.5 పాయింట్లు. దాని పక్కన ‘వి’ వస్తే మధ్య జాగా 1.11 పాయింట్లు తగ్గుతుంది. లేకపోతే ఆ మాట పన్ను ఊడిన నోరులా కనిపిస్తుంది.

కనూత్‌దే అయిన మెటాఫాంట్ సాఫ్ట్‌వేర్ అక్షరాలు గీస్తూనే ఈ ఫైలునూ తయారుచేస్తుంది. బయటి పోస్ట్‌స్క్రిప్ట్ ఫాంటు వాడాలంటే, దానితో వచ్చే ఏఎఫ్ఎమ్ కొలతల ఫైలును టీఎఫ్ఎమ్‌గా మార్చుకోవాలి. అందుకు ఏఎఫ్ఎమ్2టీఎఫ్ఎమ్, ఫాంట్‌ఇన్‌స్ట్ వంటి సాధనాలున్నాయి. టీఎఫ్ఎమ్‌ను నేరుగా చదవలేం. టీఎఫ్‌టుపీఎల్‌తో విప్పి, సరిచేసి, పీఎల్‌టుటీఎఫ్‌తో మళ్లీ ముడివేయొచ్చు. ఓపిక ఉన్నవాళ్ల పని.

పరిమితులూ ఉన్నాయి. ఒక్కో ఫైలులో 256 అక్షరాలే పడతాయి. గుణింతాలు, ఒత్తులు ఉన్న తెలుగుకు ఇది ఇరుకు గదే. టెక్ కొత్త రూపాలైన జీటెక్, లువాటెక్ మాత్రం ఓపెన్‌టైప్ ఫాంటును నేరుగా చదువుతాయి. కాబట్టి ఈరోజు తెలుగులో కూర్చేవారు వీటిలో ఒకటి పట్టుకుంటే టీఎఫ్ఎమ్ తయారుచేసే శ్రమే ఉండదు.