కీటకాల కాలజ్ఞానం

కాలజ్ఞానం అనగానే తెలుగువారికి పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి స్ఫురిస్తారు. అది రాబోయే కాలాన్ని గూర్చినది. జాములనూ గడియలనూ ఎరిగిన కాలజ్ఞానం మరొకటి ఉన్నది. అది కీటకాలకు పుట్టుకతో సంక్రమించినది.

20వ శతాబ్ది తొలినాళ్లలో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ ఫోరెల్ ఆరుబయట అల్పాహారం తీసుకొనేవాడు. బల్లపైని జామ్ కోసం తేనెటీగలు నిత్యం ఆ వేళకే వచ్చేవి. జామ్ లేనినాడు కూడా అవి వేళ తప్పలేదు. 1929లో జర్మనీకి చెందిన ఇంగెబోర్గ్ బెలింగ్ దీనిని ప్రయోగపూర్వకంగా నిరూపించింది. 24 గంటలకొకసారి చక్కెర నీరు పెడితే తేనెటీగలు ఆ వేళను గుర్తుంచుకొన్నాయి. 19 గంటలకొకసారి పెడితే నేర్వలేకపోయాయి. అనగా వాటిలోని గడియారం భూభ్రమణానికి అనుగుణంగా నిర్మితమైనది.

ఆ గడియారం ఎక్కడున్నది? 1971లో అమెరికాలో కోనోప్కా, బెంజర్ అనే శాస్త్రజ్ఞులు పండ్ల ఈగలో దానికి మూలమైన జన్యువును గుర్తించారు. ఆ జన్యువు వల్ల ఏర్పడే ప్రోటీన్ రాత్రివేళ పేరుకొని, తన ఉత్పత్తిని తానే అరికడుతుంది. క్రమంగా క్షీణించగానే ఉత్పత్తి మళ్లీ ఆరంభమవుతుంది. ఈ ఆవృత్తికి సుమారు ఒక దినం పడుతుంది. దీని రహస్యాన్ని విశదీకరించిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ గడియారాన్ని సరిదిద్దేది ప్రధానంగా వెలుతురు. ఈగ మెదడులోని క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ నీలి కాంతిని గ్రహించి, గడియారాన్ని ఉదయానికి సరిచేస్తుంది. కాని కొవ్వు కణజాలంలో మరొక గడియారం ఉన్నది. అది ఆహారవేళకు కూడా లోబడుతుంది. అకాలంలో మేత పెడితే మెదడు ఒక వేళనూ, కొవ్వు కణజాలం మరొక వేళనూ సూచిస్తాయి. అట్టి ఈగలు తక్కువ గుడ్లు పెట్టినట్లు 2011లో తేలింది. పగటి 12 గంటలు మాత్రమే తిన్న ఈగలు బాగా నిద్రించాయనీ, వాటి గుండె వయసుతోపాటు త్వరగా బలహీనపడలేదనీ 2015లో మరొక పరిశోధన తెలిపింది. అవి తిన్న పరిమాణం దాదాపు ఇతర ఈగలు తిన్నంతే. భేదం వేళలో మాత్రమే.

దీపశిఖపై వాలే శలభాన్ని మన కవులు వ్యామోహానికి ఉపమానం చేశారు. నేడు రాత్రంతా వెలిగే దీపాలు కీటకాలకు రేయింబవళ్ల భేదాన్నే మరుగుపరుస్తున్నాయి. ఈగలోని గడియార జన్యువుకు సోదరప్రాయమైనవి మానవునిలోనూ ఉన్నాయి. కాబట్టి అర్ధరాత్రి దాకా దీపం కింద మేల్కొని, వేళ తప్పి భుజించే విద్యార్థి ఆ శలభాన్ని చూసి జాలిపడేముందు తన దినచర్యను కూడా ఒకసారి పరిశీలించుకోవాలి.