వార్తల్లో పదం: హెడ్‌స్పేస్

అమెరికాలో రైఫిల్ పోటీలకు వెళ్లే షూటర్లు చాలామంది తూటా పేలాక మిగిలే ఇత్తడి తొడుగును పారేయరు. కొత్త ప్రైమరు, మందు, బుల్లెట్ పెట్టి మళ్లీ వాడతారు. బ్యారెల్ మార్చినప్పుడే చిక్కు. పేలుడు ఒత్తిడికి ఉబ్బిన ఇత్తడి పాత ఛాంబరు (బ్యారెల్లో తూటా కూర్చునే గది) కొలతకు అచ్చుగుద్దినట్టు తయారై ఉంటుంది. కొత్త ఛాంబరు అంతకంటే బిగువుగా ఉంటే, దాన్ని వెనక నుంచి మూసే బోల్టు మూతపడదు.

తొడుగు మెడ దగ్గర సన్నబడే వాలునే భుజం అంటారు. భుజం ఉన్న తూటాల్లో, బోల్టు ముఖం నుంచి ఆ భుజం ఆనే చోటు దాకా ఉండే దూరమే హెడ్‌స్పేస్. .308 విన్‌చెస్టర్‌కు అమెరికా తుపాకులు, తూటాల తయారీదారుల సంస్థ ‘సామీ’ నిర్ణయించిన కనీస కొలత 1.630 అంగుళాలు. కొత్త ఛాంబరులో పట్టేలా తొడుగును ఫుల్ లెంగ్త్ డై అనే అచ్చులోకి ప్రెస్సుతో నొక్కి భుజాన్ని కాస్త వెనక్కి నెడతారు. బోల్టు రైఫిల్‌కైతే అంగుళంలో వెయ్యో వంతులు రెండు నెడితే సాధారణంగా చాలు.

ఎక్కువ నొక్కడమే అసలు ప్రమాదం. భుజం మరీ వెనక్కి పోతే ఛాంబరులో ఖాళీ మిగులుతుంది. పేలినప్పుడు తొడుగు ముందుభాగం ఛాంబరు గోడలను పట్టేసుకుంటుంది, అడుగు భాగం బోల్టు వైపు సాగుతుంది. అడుగుకు కాస్త పైన ఇత్తడి పల్చబడి, బయట మెరిసే గీత పడుతుంది. పదేపదే వాడితే అక్కడే తెగి, వేడి వాయువు షూటర్ ముఖం వైపు తన్నవచ్చు. గీత కనిపించిన తొడుగు ఎంత ఖరీదైనదైనా పారేయాల్సిందే. డైని కంటి అంచనాతో బిగించడాన్ని నేను ససేమిరా ఒప్పుకోను. భుజం మీద ఆనే కంపారేటర్ తగిలించిన కాలిపర్‌తో కొలిచి తీరాలి.